ఎవరబ్బాయివి? – ఈడిపస్ వెతుకులాట, మీ ప్రశ్న

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠం చెప్పేవాడిగా, రెండోసారి ఇంట్లో పెద్దవాడిగా. చదివేవాళ్ళకు సంగతి తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీకు 34 ఏళ్ళు. పోయిన వేసవిలో ఒక గృహప్రవేశానికి వెళ్తే, మందెక్కిన మీ మేనమామ "నువ్వు మా పెద్దక్క కడుపున పుట్టినోడివిరా" అనేశాడు. నాన్నగారు లేరు. అమ్మకు 70 దాటాయి. ఆవిడను ఇంకా అడగలేదు. డిగ్రీలో చదివిన సోఫోక్లీస్ గ్రీకు నాటకం 'ఈడిపస్' మళ్ళీ తీస్తే అందులోనూ ఒక తాగినవాడు ఇలాగే నోరు జారడం చూసి మీకు ఒళ్ళు జలదరించింది. మీరు అడిగినవి రెండు. ఈడిపస్ వెతుకులాటా, ఇవాళ మనం ఐడెంటిటీ అంటున్నదీ ఒకటేనా? ఇక వెతకొద్దని ఈడిపస్ భార్య జొకాస్టా బతిమాలింది కదా, ఆమె మాటే సబబా?

నేను 31 ఏళ్ళు ఎమ్మే ఇంగ్లిష్ పిల్లలకు గ్రీకు విషాదాంత నాటకాలు చెప్పి రిటైరయ్యాను. గ్రీకు భాష రాదు. ఇంగ్లిష్ అనువాదాలు నాలుగైదు పక్కపక్కన పెట్టుకుని చదివినవాణ్ణి. ఆ మేరకే నా మాట తీసుకోండి.

ముందు మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్‌ను పక్కన పెడదాం. ఈడిపస్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది ఆయన పెట్టిన 'కాంప్లెక్స్' పేరు. నాటకంలో ఈడిపస్‌కు తల్లి మీద కోరికేమీ లేదు, ఆమె తల్లి అని తెలిస్తే కదా! తల్లి అనుకున్న మనిషికి దూరంగా ఉండాలనే ఊరు వదిలి పారిపోయినవాడు అతను.

ఇప్పుడు ఆ తాగినవాడి సంగతి. కోరింథ్‌లో ఒక విందు జరుగుతుంది. పాలిబస్ రాజు కొడుకుగా పెరిగిన ఈడిపస్‌ను పట్టుకుని ఒకడు, నువ్వు మీ నాన్నకు పుట్టినవాడివి కాదు పో అంటాడు. ఆ రోజుకు ఎలాగో తమాయించుకుంటాడు. మర్నాడు అమ్మానాన్నలనే నేరుగా అడుగుతాడు. వాళ్ళు ఆ మాట అన్నవాడి మీద మండిపడతారు. ఈడిపస్‌కు అప్పటికి మనసు కుదుటపడుతుంది, కానీ ముల్లు మాత్రం లోపలే ఉండిపోతుంది. దాంతో ఇంట్లో చెప్పకుండా, అపోలో దేవుడు జోస్యం చెప్పే గుడి ఉన్న డెల్ఫీకి బయల్దేరతాడు.

క్లాసులో ఇక్కడ నేను ఎప్పుడూ ఆగేవాణ్ణి. పాలిబస్, మెరోపే కోప్పడ్డారు, సరే. జవాబు చెప్పారా? లేదు. అన్నవాణ్ణి తిట్టారు, అంతే. పిల్లవాడు అడిగింది ఒకటి, వాళ్ళు మాట్లాడింది మరొకటి. డెల్ఫీలో దేవుడూ అంతే చేశాడు. నా తల్లిదండ్రులు ఎవరని అడిగితే, నువ్వు తండ్రిని చంపి తల్లిని చేసుకుంటావు అన్నాడు. అడిగినదానికి జవాబు రాకుండానే పరుగు మొదలైంది. ఆ పరుగులో మూడు దారులు కలిసే చోట దారి ఇమ్మన్న గొడవలో ఒక ముసలాయన్ని కొట్టి చంపాడు. ఆయనే థీబ్స్ రాజు, తన కన్నతండ్రి అని తెలియదు. తర్వాత అదే ఊరికి రాజై, ఆయన భార్య జొకాస్టాను పెళ్ళాడాడు. ఆమే కన్నతల్లి. ఆ విందు మర్నాడే అమ్మానాన్నలు ఇంట్లో కూర్చోబెట్టి, "అవును నాన్నా, ఒక గొర్రెల కాపరి తెచ్చి ఇచ్చాడు నిన్ను, మాకు పిల్లల్లేరు" అని ఉంటే? అప్పుడు నాటకమే ఉండదు అని మా విద్యార్థి ఒకడు అన్నాడు. నిజమే, ఉండదు.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఈ నాటకం మధ్యలో ఉంది. ఈడిపస్ తానెవరో తెలుసుకోవడానికి ఒక్కసారి కూడా తనలోకి తాను తొంగి చూసుకోడు. గదిలో ఒంటరిగా కూర్చుని 'నేనెవరు' అని ఆలోచించే దృశ్యం ఒక్కటి లేదు. అతను చేసేదంతా సాక్షుల్ని పిలిపించడం. గుడ్డి జ్యోతిష్కుడు టైరీసియస్‌ను పిలిపించాడు. కోరింథ్ నుంచి కబురు తెచ్చినవాణ్ణి నిలదీశాడు. కొండమీద మందలు కాసే ముసలివాణ్ణి ఈడ్చుకు రమ్మన్నాడు. పోలీసు దర్యాప్తులాగే ఉంటుంది. ఇవాళ మనం ఐడెంటిటీ అంటే లోపల ఎక్కడో దాక్కున్న అసలు 'నేను' అనుకుంటాం. దాన్ని పట్టుకోవడానికి ఉద్యోగం మానేసి హిమాలయాలకు వెళ్ళేవాళ్ళున్నారు. గ్రీకుల లెక్కలో నువ్వెవరివో నీ లోపల ఉండదు, ఇంకొకరి దగ్గర ఉంటుంది. నిన్ను చేతుల్లోంచి చేతుల్లోకి ఇచ్చినవాడి దగ్గర, నిన్ను చుట్టిన గుడ్డ దాచినామె దగ్గర. వాళ్ళు నోరు విప్పితేనే నీకు తెలుస్తుంది.

ఆ గొర్రెల కాపరినే చూడండి. పసిబిడ్డను కొండమీద పారేయమని జొకాస్టా ఇచ్చింది అతని చేతికే. జాలిపడి చంపలేక కోరింథ్ కాపరికి ఇచ్చేశాడు. ఏళ్ళ తర్వాత మూడు దారుల దగ్గర రాజును చంపుతుంటే తప్పించుకు బతికినవాడూ అతనే. ఊరికి తిరిగొచ్చి ఈడిపస్ సింహాసనం మీద ఉండటం చూశాడు. జొకాస్టా చెయ్యి పట్టుకుని, ఈ ఊరు కనిపించనంత దూరం పంపించమ్మా, పొలాల్లో మందలు కాసుకుంటాను అని బతిమాలాడు. ఈడిపస్ జీవితం మొత్తం ఆ ముసలివాడి నోట్లో ఉంది. రాజుగారికి మాత్రం తెలియదు.

పీజీ రోజుల్లో మేం ఈ నాటకం వేసినప్పుడు నాకు ఇచ్చింది ఆ కాపరి వేషమే. మొత్తం 20 నిమిషాలు కూడా ఉండదు. సైనికులు చేతులు వెనక్కి విరుస్తుంటే నేను రాజు కాళ్ళమీద పడి ఏడుస్తున్నాను. రిహార్సల్‌లో మా మాస్టారు ఆపేశారు. "రాజు వంక చూడకు. ఆ తలుపు వంక చూడు" అన్నారు. అప్పటికే జొకాస్టా అంతా గ్రహించి లోపలికి వెళ్ళిపోయింది. కాపరి డైలాగులోనే ఉంది, లోపలున్న మీ భార్యగారే బాగా చెప్పగలరు అని. అలా తలుపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాక నాకు గొంతు దానంతటదే పట్టేసింది. కాపరి అంటాడు, ఇక చెప్పబోయేది ఘోరం అని. ఈడిపస్ అంటాడు, నేను వినబోయేదీ ఘోరమే, అయినా వినాలి అని. చెప్పేవాడికీ అంతే బరువు ఉంటుందని ఆ రోజు తెలిసింది. మీ అమ్మగారి విషయంలో ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను దీనికి.

నిజానికి ఈడిపస్ ఒంటి మీదే ఆధారం ఉంది. పసితనంలో చీలమండలు గుచ్చి కట్టేశారు. ఆ వాపు మీదే అతనికి పేరు పెట్టారు, 'వాచిన పాదం' అని. రోజూ అందరూ ఆ పేరుతోనే పిలిచారు. అతనూ పలికాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. మన ఇళ్ళల్లోనూ ఉంటాయి ఇలాంటివి. అందరికీ తెలిసినవే, ఎవరూ ఎత్తనివి.

నాటకాల్లోనే కాదు, ఏథెన్స్ రోజువారీ బతుకులోనూ ఇదే పద్ధతి. అక్కడ బర్త్ సర్టిఫికెట్ లేదు. కుర్రవాడికి 18 వచ్చాక వాళ్ళ డీమ్, అంటే మన పంచాయతీ లాంటిది అనుకోండి, ఆ సభ్యులు ప్రమాణం చేసి ఓటు వేసి పేరు ఎక్కించుకోవాలి. పెద్ద పదవికి ఎంపికైనవాణ్ణి పరీక్ష చేసేటప్పుడు అడిగే ప్రశ్నలు అరిస్టాటిల్ పేర దొరికిన ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథంలో ఉన్నాయి: మీ నాన్న ఎవరు, ఏ డీమ్, తాత ఎవరు, అమ్మ ఎవరు, అమ్మ నాన్న ఎవరు, మీ కుటుంబ సమాధులు ఎక్కడ, తల్లిదండ్రుల్ని బాగా చూసుకుంటున్నావా? మా చిన్నప్పుడు ఊళ్ళో అరుగు మీద కూర్చున్నవాళ్ళు "ఎవరబ్బాయివిరా? ఎవరి తాలూకు?" అని అడిగినట్టే ఉంటుంది. ఆ ప్రశ్న వెనక మన దగ్గర కులం ఎలా దాక్కుని ఉంటుందో, అక్కడ పౌరసత్వం అలా ఉంది. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ క్రీ.పూ. 451లో తెచ్చిన చట్టం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్ళయితేనే పౌరుడు.

ఆ తర్వాత నూరేళ్ళకు, క్రీ.పూ. 346 ప్రాంతంలో పౌరుల జాబితాలన్నీ మళ్ళీ తిరగేశారు. యూక్సిథియస్ అనే అతని పేరు సొంత డీమ్ వాళ్ళే జాబితాలోంచి కొట్టేశారు. కోర్టులో అతని ప్రసంగం పేరున్న వక్త డెమోస్తనీస్ రాసి ఇచ్చినది, ఇప్పటికీ దొరుకుతుంది. అతని మీద ఆరోపణలు వినండి. మీ నాన్న యాస పరాయివాడిలా ఉండేది. మీ అమ్మ బజార్లో రిబ్బన్లు అమ్మింది, డబ్బుకు పరాయి పిల్లలకు పాలిచ్చింది. కాబట్టి మీరు ఇక్కడివాళ్ళు కారు. అతను చెప్పుకుంటాడు: మా నాన్న యుద్ధంలో పట్టుబడి బానిసగా అమ్ముడుపోయి ఎంతోకాలానికి తిరిగొచ్చాడు, అందుకే ఆ యాస. అమ్మ పాలిచ్చింది పేదరికం వల్ల, పరాయిదై కాదు. ఆపై నాన్న తరఫు బంధువులు, అమ్మ తరఫు బంధువులు, ఒక్కొక్కరినీ పిలిచి సాక్ష్యం ఇప్పిస్తాడు. అప్పీలు ఓడిపోతే బానిసగా అమ్మేసే చట్టం అది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు తలకిందులై ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఆ ప్రసంగంలోని కంగారు తెలుస్తుంది. అతనికి అది ప్రాణం మీదికి వచ్చింది.

ఈ భయం తెలిస్తేనే మీకు అసలు పనికొచ్చే నాటకం అర్థమవుతుంది. అది ఈడిపస్ కాదు, మరో గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన 'అయాన్'. మన సిలబస్‌లలో దాదాపు ఎక్కడా ఉండదు. చివరికి అందరూ కలుసుకుంటారు కాబట్టి విషాదాంతం కాదని కొందరు పక్కన పెడతారు. నాకు మాత్రం ఈడిపస్ కంటే ఇదే దగ్గర.

అయాన్ డెల్ఫీ గుళ్ళో పెరిగిన అనాథ. తెల్లవారగానే లారెల్ కొమ్మలతో గుడి ఊడుస్తూ, నీళ్ళు చల్లుతూ, కానుకల మీద రెట్ట వేయకుండా పక్షుల్ని బాణంతో బెదిరిస్తూ పాట పాడుకుంటాడు. హాయిగా ఉన్నాడు. పిల్లల్లేని ఏథెన్స్ రాణి క్రెయూసా, పరాయి ఊరివాడైన ఆమె భర్త క్సూథస్ సంతానం కోసం ఆ గుడికి వస్తారు. బయటికి వెళ్ళగానే మొదట ఎదురైనవాడే నీ కొడుకు అని దేవుడు క్సూథస్‌కు చెబుతాడు. ఎదురైనవాడు అయాన్. ఆయన పరుగెత్తి కౌగిలించుకోబోతే, పిచ్చెక్కిందా అని కుర్రవాడు విల్లు ఎక్కుపెడతాడు. సంగతి తెలిశాక అడిగిన మొదటి మాట, మరి మా అమ్మ ఎవరు? క్సూథస్ జవాబు: సంతోషంలో ఆ సంగతి అడగడం మరిచిపోయాను. నాకైతే నవ్వూ వస్తుంది, కడుపులో తిప్పినట్టూ ఉంటుంది. తండ్రికి కొడుకు దొరికాడు, అది చాలు ఆయనకు. కొడుక్కి మాత్రం సగమే దొరికింది. ఏథెన్స్‌కు వెళ్తే పరాయివాడికి పుట్టిన పిల్లవాడిని అంటారు, మా అమ్మ అక్కడిదైతే బాగుండు, నోరెత్తి మాట్లాడే హక్కు ఉంటుంది అంటాడు. చూశారా, అతను తల్లిని వెతికేది ప్రేమ కోసమే కాదు, పౌరసత్వం కోసం కూడా.

నిజానికి క్రెయూసాయే తల్లి. అపోలో బలవంతం చేయగా పుట్టిన బిడ్డను గుహలో వదిలేసింది. ఆ కథంతా చెప్పను. ఆమె తెలియక అయాన్‌కు విషం పెట్టిస్తుంది, ఒలికిన ద్రాక్షసారా తాగి ఒక పావురం చచ్చిపోతే విషయం బయటపడుతుంది, అయాన్ ఆమెను చంపబోతాడు. అప్పుడు గుళ్ళోంచి పూజారిణి బయటికొస్తుంది, చేతిలో పాత బుట్ట. అయాన్ ఆమెను పలకరించే మాట చూడండి: కనకపోయినా నాకు అమ్మవైనదానా! ఆమె అంటుంది: అలా అంటారు కదా, ఆ పిలుపు నాకు చేదుగా ఏం లేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచిన ఆ బుట్టను ఆమే తెచ్చి అతని చేతికిచ్చి, వెళ్ళి మీ అమ్మను వెతుక్కో అని తల్లిలాగే సాగనంపుతుంది.

బుట్ట చేతికొచ్చాక అయాన్ తెరవడు. తెరిస్తే అమ్మ ఎవరో బానిస అని తేలితే? తెలియకపోవడమే మేలేమో, దీన్ని ఇలాగే దేవుడికి ఇచ్చేస్తే పోదా అనుకుంటాడు. ఇప్పుడు మీరున్నది సరిగ్గా అక్కడే. మీ సందేహం పిరికితనం కాదు, అయాన్‌కూ వచ్చింది. కాసేపు ఊగిసలాడి చివరికి తెరుస్తాడు. లోపల ఏముందో చూడకుండానే క్రెయూసా చెబుతుంది: చిన్నప్పుడు నేనే నేసిన గుడ్డ ఒకటి ఉంటుంది, పూర్తికాలేదు, నేత నేర్చుకునే పిల్ల చేతి పనిలా ఉంటుంది, మధ్యలో గోర్గాన్ అనే రాక్షసి బొమ్మ, అంచుల్లో పాములు. బంగారు పాములూ, ఆలివ్ దండా కూడా చెబుతుంది, కానీ మొదటి గుర్తు నేర్చుకునే పిల్ల సగం నేసి వదిలేసిన గుడ్డ! వాటినిబట్టి కొడుకు దొరుకుతాడు. (ఆ తర్వాత ఎథీనా దేవత వచ్చి, క్సూథస్‌కు మాత్రం ఏమీ చెప్పకండి, తన కొడుకే అన్న భ్రమలో ఉండనివ్వండి అంటుంది. నాకు ఈ ముగింపు మింగుడుపడదు. మళ్ళీ ఇంకో ఇంట్లో ఇంకో దాపరికం.)

ఇలాంటి గుర్తుల్ని యూరిపిడీసే ఇంకోచోట వెక్కిరించాడు. అంతకుముందు తరం నాటకకర్త ఈస్కిలస్ నాటకంలో ఎలెక్ట్రా తమ్ముణ్ణి జుట్టు పాయను, అడుగుజాడను, నేసిన గుడ్డను బట్టి గుర్తుపడుతుంది. యూరిపిడీస్ రాసిన ఎలెక్ట్రా మాత్రం, ఆడదాని పాదం మగవాడి పాదం ఒకే కొలతా, చిన్నప్పటి బట్ట మనిషితోపాటు పెరుగుతుందా అని కొట్టిపారేస్తుంది. తెలివైన మాటే. కానీ కొన్నేళ్ళ కిందట నేను అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను, కోనసీమలో, దాదాపు 30 ఏళ్ళ తర్వాత. కాలవగట్టు మీద నడుస్తుంటే ఎదురరుగు మీద వత్తులు చేసుకుంటున్న ఒక ముసలావిడ నా పేరూ ఉద్యోగమూ అడగలేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, మా అమ్మమ్మ పేరు చెప్పి, "ఆవిడ మనవడివి కదూ? ఆ ఎడంకాలు ఈడ్చే నడక మీ తాతదే" అంది. నేను కాలు ఈడుస్తానని నాకప్పటిదాకా తెలియదు.

ఐడెంటిటీ క్రైసిస్ అన్న మాటకు ప్రచారం తెచ్చిన మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ కథ కూడా మీకు తెలియాలి. 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. పెంచిన తండ్రి డాక్టర్ హోంబర్గర్. కన్నతండ్రి వేరని చిన్నప్పుడు దాచారు. ఆయనెవరో ఎరిక్‌కు చివరిదాకా తెలియలేదు. 1939లో అమెరికా పౌరుడయ్యాక ఎరిక్సన్ అన్న ఇంటిపేరు తీసుకున్నాడు. అంటే ఎరిక్ కొడుకు, తనకు తానే కొడుకు! కాపరి దొరకనివాడు చేసుకున్న ఏర్పాటు అది. మీకు కాపరి దొరికే ఉంది, పక్క గదిలో.

ఇక రెండో ప్రశ్న. జొకాస్టా "నువ్వెవరివో నీకెప్పటికీ తెలియకూడదు" అన్నది తెలివైన సలహాగా కాదు. అప్పటికే ఆమెకు అంతా అర్థమైపోయింది, భర్తను ఇంకో పది నిమిషాలు కాపాడుకోవాలని చూస్తోంది. దాన్ని మీ ఇంటికి తెచ్చుకోకండి. మీ కథలో మూడు దారుల కూడలి లేదు, హత్య లేదు. అక్కకు పుట్టిన బిడ్డను పిల్లల్లేని చెల్లెలు పెంచుకోవడం మన ఇళ్ళల్లో కొత్తా కాదు. చట్టం సంగతికొస్తే, 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం సరిగ్గా జరిగిన దత్తతతో పుట్టింటి బంధం తెగి, పెంచిన ఇల్లే అన్నిటికీ ఇల్లవుతుంది. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఒకటి: పుట్టిన ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్ళాడకూడదో వాళ్ళను ఇప్పుడూ పెళ్ళాడకూడదు. ఈడిపస్ పడ్డ ఆ గోతిని చట్టం గుర్తుపెట్టుకుంది. మీ విషయంలో దత్తత పత్రం ఉందా, ఆస్తి మాటేమిటి అన్నది లాయరును అడగండి, నేను చెప్పేది కాదు.

కర్ణుడి గురించి కూడా రాశారు మీరు. నువ్వు కుంతి కొడుకువని కృష్ణుడు చెప్పినప్పుడు ఉద్యోగపర్వంలో అతను ఇచ్చిన జవాబు చదవండి. నన్ను చూసి రాధకు పాలు చేపాయి, ఆవిడను ఎలా కాదనను అంటాడు. ఈడిపస్‌కు అలా నిలబడి ఆలోచించే వ్యవధి దొరకలేదు.

అమ్మను అడగమనే నా మాట. కానీ మేనమామను ముందు నిలదీయకండి, పెద్దమ్మ దగ్గరికి చాటుగా వెళ్ళకండి. ఈడిపస్ ఇంట్లో చెప్పకుండా డెల్ఫీకి వెళ్ళిన పొరపాటు అది. నిజమేనా, ఎందుకు దాచావు అని అడిగితే ఆవిడకు చేతులు వెనక్కి విరిచినట్టే ఉంటుంది. 34 ఏళ్ళు మోసిన మనిషి. నలుగురూ లేనప్పుడు, చేతిలో ఏదో పని ఉన్నప్పుడు, పప్పు ఏరుతున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో, ముందు మీకు తెలిసిందని మీరే చెప్పేయండి. చెప్పే బరువు సగం తగ్గుతుంది. ఆవిడ ఆ రోజు ఏమీ మాట్లాడకపోతే ఊరుకోండి.

అడగడానికి మాట దొరక్కపోతే ఈడిపస్ నాటకంలోనే ఒకటుంది, ఎవరూ పట్టించుకోనిది. పాలిబస్ నీ కన్నతండ్రి కాడని కోరింథ్ మనిషి చెప్పగానే ఈడిపస్ అడుగుతాడు: "ఇంకొకరి చేతుల్లోంచి తీసుకున్న నన్ను, అయినా అంత ప్రేమించాడా?" ఆ మనిషి చెబుతాడు: "అంతకుముందు ఆయనకు పిల్లల్లేరు కదా." ఈడిపస్ అక్కడ ఆగడు. నువ్వు నన్ను కొన్నావా, నీకు దొరికానా అని తర్వాతి ప్రశ్నలోకి వెళ్ళిపోతాడు. మీరు అక్కడ ఆగి, ఆ ముక్క అమ్మను అడగండి.